పెళ్లి చట్టాల మీద ప్రార్థనా మందిరం నుంచి అర్జీ: తప్పా, ఒప్పా?

పాత పోస్టాఫీసు వాసి:
అందరికీ నమస్కారం. ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరి 27 నుంచి అమల్లో ఉంది. పెళ్లి, విడాకులు, వారసత్వం, సహజీవనం అన్నీ ఒకే చట్టం కిందికి వచ్చాయి. రేపు అలాంటి బిల్లే వెలగపూడికి వస్తే మా మాట ముందుగానే ఎమ్మెల్యేలకు చేరాలని మా సంఘ పెద్దలు ఒక అర్జీ తయారుచేశారు. ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం పక్కన బల్ల మీద కాగితాలు ఉంచారు. పైన ‘మేము, ఈ దిగువ సంతకాలు చేసిన విశాఖపట్నం పౌరులము’ అని మొదలవుతుంది. చివర గళ్లు గీశారు: కుటుంబ పెద్ద పేరు, సభ్యుల సంఖ్య, సంతకం. ఇద్దరు యువకులు అక్కడే నిలబడి ‘దేవుని మందిరంలో రాజకీయాలు ఏమిటి’ అని అభ్యంతరం చెప్పారు. మాటా మాటా పెరిగింది.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. పోర్టు కార్మికులు మంత్రిని కలుస్తారు, వర్తకులు కలుస్తారు, డాక్టర్లు కలుస్తారు. ఎవరూ వేలెత్తి చూపరు. పెళ్లి, పిల్లలు, ఆస్తి పంపకం మా విశ్వాసంతో ముడిపడిన విషయాలు. వాటి మీద మేము నోరు విప్పితేనే తప్పెలా అవుతుంది?

సీతమ్మధార హేతువాది:
తప్పే. కార్మికుడు కూలి అడుగుతాడు, మీరు పక్కవాడి పడకగది మీద పెత్తనం అడుగుతున్నారు. మీ నియమాలు మీ సభ్యులు పాటించుకోవచ్చు, ఎవరూ కాదనరు. వాటిని నాకూ చట్టం చేయమని శాసనసభకు వెళ్లడమే నాకు మింగుడుపడదు. ఈ దేశంలో కుటుంబ చట్టాలకు పట్టిన చీడంతా మతపెద్దల నుంచి వచ్చిందే. వితంతు వివాహానికి అడ్డుపడింది ఎవరు? బాల్యవివాహాలను సమర్థించింది ఎవరు?

గాజువాక విశ్రాంత ఉపాధ్యాయుడు:
బాబూ, ఆ రెండో వైపు కూడా చూడాలి. వితంతు వివాహ చట్టం కోసం విద్యాసాగరుడు ప్రభుత్వానికి పంపిన అర్జీలో ఉన్న వాదన శాస్త్రాల నుంచి తీసినదే. పరాశర స్మృతిని ముందు పెట్టుకుని కలియుగంలో విధవ మళ్లీ పెళ్లాడవచ్చని ఆయన నిరూపించబోయారు. ఆ అర్జీ మీద వెయ్యి సంతకాలు కూడా లేవు. రాధాకాంత దేవ్ వర్గం పంపిన వ్యతిరేక అర్జీ మీద ముప్పై వేలకు పైగా ఉన్నాయి. అయినా 1856లో చట్టం వచ్చింది. మన కందుకూరి 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించగలిగింది ఆ చట్టం అండతోనే. ఆయనా దైవభక్తుడే, నాస్తికుడు కాదు.

కాబట్టి మతం పేరుతో వచ్చిన అర్జీ అనగానే చెత్తబుట్టలో వేయనక్కర లేదు. సంతకాలు ఎక్కువ ఉన్నాయి కదా అని నెత్తిన పెట్టుకోనూ అక్కర లేదు.

మద్దిలపాలెం న్యాయవాది:
మాస్టారి ఉదాహరణ బాగుంది. నాకు మాత్రం ఆ మొదటి పోస్టులో బల్ల కన్నా, గుమ్మం కన్నా ఆ గళ్లే కనిపించాయి. కుటుంబ పెద్ద పేరు, సభ్యుల సంఖ్య, సంతకం. అంటే ఒక మగమనిషి సంతకం చేస్తే ఐదుగురి అభిప్రాయం కింద లెక్క! భార్యాభర్తల మధ్య, తండ్రీకూతుళ్ల మధ్య తగువు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పేదే కుటుంబ చట్టం. ఆ తగువులో ఒక పక్షం వారి చేతే రెండు పక్షాలకూ సంతకం పెట్టిస్తారా?

అర్జీ పెట్టే హక్కు గురించి నాకు పేచీ లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా వినతి ఇవ్వవచ్చు. తెలుగులోనే రాయండి. ఎమ్మెల్యే ద్వారా గాని, శాసనసభ పిటిషన్ల కమిటీకి గాని పంపండి. వివాహం, విడాకులు, దత్తత, వారసత్వం ఉమ్మడి జాబితాలో ఐదో అంశం కనుక రాష్ట్రానికి అధికారం ఉంది. అయితే కేంద్ర చట్టంతో పొసగని నిబంధన పెడితే 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఉత్తరాఖండ్ బిల్లుకూ రాష్ట్రపతి ఆమోదం తీసుకున్నారు.

స్థలం మాటకు వస్తే ఆ యువకులు పూర్తిగా పొరపాటు పడలేదు. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988లో వచ్చింది. గుడి, చర్చి, మసీదు ఆవరణను రాజకీయ కార్యకలాపానికి వాడకూడదంటుంది. పార్టీ ప్రచారం ఒక్కటే కాదు, రాజకీయ స్వభావం గల అంశం మీద సభలు, ఊరేగింపులు, చందాల వసూళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఐదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. పెళ్లి గురించి ప్రసంగించడం మతబోధ. బిల్లును ఓడించండని అదే ఆవరణలో సభ పెట్టి చందాలు వసూలు చేస్తే అది వేరే కథ. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, మరెక్కడో ఒక హాలు తీసుకుంటే మీకే నిశ్చింత.

పాత పోస్టాఫీసు వాసి:
మేడం గారూ, చట్టం సంగతి తెలిపినందుకు కృతజ్ఞతలు. కానీ సంతకాల గురించి మీరు అన్నది కొంచెం కష్టంగా ఉంది. మా ఇళ్లలో భర్త ఒక మాట, భార్య ఒక మాట ఉండదు. ఇంటి పెద్ద సంతకం చేశాడంటే ఇంట్లో మాట్లాడుకునే చేసి ఉంటాడు. మీరు కోర్టులో రోజూ విడిపోయిన కుటుంబాలనే చూస్తారు కనుక అన్ని ఇళ్లూ అలాగే కనిపిస్తాయి.

మద్దిలపాలెం న్యాయవాది:
కోర్టు మెట్లెక్కని ఇళ్ల సంగతే చెబుతాను. మన రాష్ట్రం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. 1985 సెప్టెంబరు 5 నాటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. వాటా వచ్చిన వారికైనా దక్కిందా? సంక్రాంతికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు చీర పెట్టి, మర్నాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకువెళ్లి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయిస్తారు. నేను రాసిన దస్తావేజుల్లోనే అలాంటివి ఉన్నాయి. ‘ప్రేమాభిమానాల చేత, ఎవరి ఒత్తిడి లేకుండా’ అనే వాక్యం ప్రతి దానిలో ఉంటుంది. వేలిముద్ర వేస్తున్నప్పుడు ఆమె అన్న వైపు చూస్తుంది, కాగితం వైపు కాదు. ఆ ఇంట్లోనూ మాట ఒక్కటే, సార్.

క్రైస్తవుల ఉదాహరణే కావాలంటే, 1869 నాటి విడాకుల చట్టంలో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో కూడా చూపాలి. 2001 దాకా పుస్తకంలో ఉన్నది అదే. దాన్ని మార్చమని క్రైస్తవ స్త్రీల సంస్థలు, చర్చి సంస్థలు కలిసి ఏళ్ల తరబడి కేంద్రం వెంట పడ్డాయి. అదీ విశ్వాసుల అర్జీయే. అందులో ఆడవారి సంతకాలు ఉన్నాయి.

దర్గా కొండ దిగువ నుంచి ఒక సోదరి:
మా వైపు నుంచీ ఒకటి. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది ఉలేమాల, అంటే మా మత పండితుల చొరవ వల్లే. ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ న్యాయ పద్ధతిలో భార్యకు విడాకుల దారి దొరక్క, వివాహబంధం తెంచుకోవడానికి కొందరు స్త్రీలు మతమే విడిచిపెడుతుంటే పెద్దలకు గుబులు పుట్టింది. మాలికీ అనే మరో ఇస్లామీయ న్యాయ పద్ధతిలోని కారణాలు తీసుకుని చట్టం చేయించారు. దయతో చేశారో, భయంతో చేశారో గాని, పని జరిగింది. ఇప్పుడు మా పేటలో సంతకాలు తీసుకుంటే ఆడవాళ్ల వరకు కాగితం వస్తుందా అన్నది నాకూ అనుమానమే.

బురుజుపేట భజన మండలి సభ్యుడు:
ఒక మాట. విశ్వాసులందరూ ఒకే మాట మీద ఉన్నట్టు చర్చ సాగుతోంది. మేము ఉమ్మడి పౌరస్మృతి రావాలనే కోరుకుంటున్నాం. సహజీవనం నమోదు కూడా ఉండాలి, లేకపోతే మోసపోయిన ఆడపిల్లకు ఆధారం ఏది? మీ అర్జీ వెళ్లిన రోజే మాదీ వెళ్తుంది. ఎమ్మెల్యే రెండూ చదువుకుంటారు.

సీతమ్మధార హేతువాది:
చదువుకోరు, ఓట్లు లెక్కపెట్టుకుంటారు.

పాడేరు నుంచి వచ్చి ఇసుకతోటలో ఉంటున్నవాడు:
చర్చి, దర్గా, గుడి ఉన్న మీ మూడు కొండల వారే మాట్లాడుకుంటున్నారు, మా కొండలు కూడా ఉన్నాయి. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఉత్తరాఖండ్ చట్టం కూడా తెగలను మినహాయించింది. మా పెళ్లిళ్లు పెద్దల ఎదుట ఓలి (పెళ్లికూతురి వారికి ఇచ్చే సొమ్ము) మాట్లాడుకుని జరుగుతాయి, విడిపోవడమూ వారి ఎదుటే. ఐదో షెడ్యూలు కింద ఏ చట్టమైనా ఏజెన్సీకి వర్తించకుండా చేసే అధికారం గవర్నరుకు ఉంది. మా వాళ్లలో చర్చికి వెళ్లేవారు ఉన్నారు, గుడికి వెళ్లేవారు ఉన్నారు. పట్నం నుంచి ఏ అర్జీ వచ్చినా మా ఊళ్ల పేర్లు కూడా అందులో కలిపేస్తారు. దయచేసి మమ్మల్ని అడగకుండా లెక్కలో వేయవద్దు.

గాజువాక విశ్రాంత ఉపాధ్యాయుడు:
బిల్లు వచ్చాక చూద్దామనే వారికి ఒక సంగతి. ఉత్తరాఖండ్‌లో బిల్లు 2024 ఫిబ్రవరి 6న సభలో పెట్టారు, 7న నెగ్గింది. 392 సెక్షన్లు! ప్రజలు చెప్పుకోగలిగింది అంతకు ముందే, జస్టిస్ రంజనా దేశాయ్ కమిటీ సూచనలు తీసుకున్నప్పుడే. మన దగ్గర కూడా అంతే. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదనే నిబంధన 1994 నుంచి ఉండేది. 2024 నవంబరులో మన శాసనసభ దాన్ని తీసేసింది. కుటుంబంలో ఎంతమంది పిల్లలుండాలనే దాని మీద ముప్పై ఏళ్లు నడిచిన నిబంధన అది. మన వీధిలో ఎవరైనా దాని గురించి ఒక పూట మాట్లాడుకున్నారా? కనుక ముందే అర్జీ రాయాలనే ఆ సంఘ పెద్దల ఆలోచనను నేను తప్పుపట్టను.

మద్దిలపాలెం న్యాయవాది:
నేనూ తప్పుపట్టను. అయితే ఏమి అడుగుతున్నారో చెప్పండి. అక్కడ సహజీవనం మొదలైన నెలలోపు నమోదు చేసుకోకపోతే మూడు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. మీ అర్జీ ఆ శిక్షను వద్దంటుందా, కావాలంటుందా? సహజీవనం పాపమని మీ బోధ. పోలీసు నమోదు పుస్తకం మీ స్వేచ్ఛకు కూడా ముప్పని మీలో కొందరి భయం. రెండూ ఒక కాగితం మీద ఎలా రాశారో చూడాలని ఉంది.

పాత పోస్టాఫీసు వాసి:
సంతకాల గడి సంగతి పెద్దలకు చెప్పాను. ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ విడిగా సంతకం చేయాలన్నాను. కాగితాలు పెరుగుతాయని ఒకరు, ఇంట్లో లేనిపోని గొడవలని ఒకరు. ఇంకా తేలలేదు. హాలు మాత్రం చూస్తున్నాం. ఇక మీరు అడిగిన సహజీవనం విషయం మూడో పేరాలో ఉండాలి. దాని మీద పెద్దల్లోనే ఏకాభిప్రాయం కుదరలేదు. అందుకని ప్రస్తుతానికి ఆ పేరా ఖాళీగా వదిలారు, తరువాత రాస్తారు.

మద్దిలపాలెం న్యాయవాది:
ఖాళీగా వదిలారా? అంటే ఆదివారం నాడు ఆ బల్ల దగ్గర సంతకాలు చేసినవారు దేని మీద చేశారు?