తొమ్మిదో తరగతిలో గ్రేడ్లు తక్కువైతే విశ్వవిద్యాలయం దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పదకొండో తరగతి. తొమ్మిదిలో జబ్బుపడి చాలా రోజులు బడికి వెళ్లలేదు. ఆల్జీబ్రా వన్‌లో (బీజగణితం మొదటి కోర్సు) డి, చరిత్రలో సి వచ్చాయి. తర్వాత కోలుకుంది, ఇప్పుడన్నీ ఎ, బి గ్రేడ్లే. అయినా "నన్నెవరు తీసుకుంటారమ్మా" అంటుంటే వినలేకపోతున్నాను. ఆ డి ఎప్పటికీ వెంటాడుతుందా?

జవాబు 1: నేను లెక్కల టీచర్ని. కనీస అర్హత వేరు, సీటు రావడం వేరు. ముందు అర్హత సంగతి చూడండమ్మా. నియమాలు విశ్వవిద్యాలయానికొక తీరు. ఉదాహరణకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జీపీఏ (గ్రేడ్లకిచ్చే పాయింట్ల సగటు; ఎ అంటే 4) లెక్కలో తొమ్మిదో తరగతి గ్రేడ్లు కలపదు. పది, పదకొండు తరగతులవే చూస్తుంది. ఆ రాష్ట్రం వారికి 3.0, బయటివారికి 3.4 ఉండాలి. అయితే తప్పనిసరి కోర్సులు 15, వాటిలో సి కంటే తగ్గకూడదు. కాబట్టి చరిత్ర గురించి దిగులు వద్దు, ఆల్జీబ్రా చూసుకోండి. దాని పై కోర్సు ఆల్జీబ్రా టూలో సి గానీ అంతకు మించి గానీ వస్తే పాత డి లోటు తీరినట్టే. లేదంటే ఆ కోర్సు మళ్లీ చదవవచ్చు.

జవాబు 2: జబ్బు విషయం దరఖాస్తులో తప్పకుండా రాయించండి. సానుభూతి కోసం కాదు, గ్రేడ్లు ఎందుకు పడి లేచాయో చదివేవారికి తెలియాలి. కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక కాలేజీ) దారి కూడా ఉంది: అక్కడ 60 సెమిస్టర్ యూనిట్లు (దాదాపు రెండేళ్ల చదువు) పూర్తిచేసి విశ్వవిద్యాలయానికి బదిలీపై వెళితే ప్రధానంగా కాలేజీ గ్రేడ్లే చూస్తారు.

అడిగినవారు: ఆల్జీబ్రా టూ ఈ ఏడాదే చదువుతోంది, మొదటి సెమిస్టర్లో బి వచ్చింది! ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు తనకే చదివి వినిపిస్తాను.