టీబీ మందులతో పాటు నేల ఉసిరి పసరు ఇవ్వవచ్చా?

బ్రాడీపేట కోడలు:
మా మావయ్యగారికి 61 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసి మానేశారు. ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు మొదలుపెట్టి ఇది నాలుగో వారం. మొన్న రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 96 వచ్చింది. 40 లోపు ఉండాలని ఆ కాగితం మీదే ఉంది. వాంతులు లేవు, కళ్ళు పచ్చబడలేదు కాబట్టి మందులు ఆపవద్దని, వారం తర్వాత మళ్ళీ చూద్దామని డాక్టరుగారు చెప్పారు.

మా అత్తయ్యగారు వారం ఆగే మనిషి కాదు. మర్నాడు తెల్లవారకముందే అమరావతి రోడ్డు పక్క ఖాళీ స్థలంలో నేల ఉసిరి మొక్కలు పీక్కొచ్చి, రోట్లో నూరి, గుడ్డలో పిండి, పావు గ్లాసు పసరు మజ్జిగలో కలిపి పరగడుపున తాగించారు. ఆ వెంటనే టీబీ బిళ్ళలు. మూడు రోజులుగా ఇదే వరస. నేను వద్దంటే మా ఆడపడుచు కొడుకు ఫోనులో ఒక పరిశోధన చూపించాడు. నేల ఉసిరి సారం తాగిన ఎలుకల కాలేయం మందుల దెబ్బకు తట్టుకుందట. ఇప్పుడు ఇంట్లో తప్పంతా నాదే అయింది. పైగా ఆయనకు మూత్రం ఎర్రగా వస్తోంది. అది కామెర్లేనని అత్తయ్యగారి వాదన. ఏం చేయమంటారు?

పటమట వాసి:
నిశ్చింతగా ఇవ్వండి. 1994లో నాకు కామెర్లు వస్తే మా నాయనమ్మ ఈ పసరే పోసింది. ఉప్పు, నూనె లేని పథ్యం. పదిహేను రోజుల్లో లేచి తిరిగాను.

ఎలుకల మాస్టారు:
అమ్మా, ఫార్మసీ కాలేజీలో పాతికేళ్ళు ఈ ప్రయోగాలే చేయించాను. ఈ పేరు మా విద్యార్థులు పెట్టిందే.

ముందు మూత్రం సంగతి. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్ళు కూడా నారింజ ఎరుపుకు తిరుగుతాయి. కాబట్టి రంగు చూసి కామెర్లు అనుకోవద్దు. పగటి వెలుతురులో కళ్ళ తెల్లగుడ్డు చూడండి.

ఇక ఎలుకలు. ఏడు రోజుల పాటు సారం తాగిస్తాం. ఆ తర్వాతే విషం ఇస్తాం. చాలాసార్లు అది కిలో బరువుకు 2 గ్రాముల పారాసిటమాల్. అరవై కిలోల మనిషికి ఆ లెక్కన 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 240! ఒకటి రెండు రోజుల్లో రక్తం తీసి, ఎలుకను చంపి, కాలేయం కోసి చూస్తాం. సారం కిలోకు 400 మిల్లీగ్రాములు ఇస్తే మీ మావయ్యగారికి రోజుకు 24 గ్రాములు కావాలి. పది గ్రాముల పొడికి ఒక గ్రాము సారం దిగిందనుకున్నా, పావుకిలో ఎండు ఆకు. అత్తయ్యగారి పావు గ్లాసు దీని దరిదాపుల్లో లేదు.

దీనికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. పారాసిటమాల్ తనంతట విషం కాదు. కాలేయంలోని ఎంజైములు అందులో కొంత భాగాన్ని విషంగా మారుస్తాయి. దాన్ని పట్టి బయటికి పంపే గ్లూటాథయోన్ అయిపోయినప్పుడే కణాలు చస్తాయి. ముందుగా తాగించిన సారం ఒక్కోసారి ఆ ఎంజైముకే అడ్డుపడుతుంది. ఎలుక బతుకుతుంది, మేము సంబరంగా వ్యాసం రాస్తాం. కానీ ఎంజైములను కదిలించే పసరు మీ మావయ్యగారి మిగతా మందులనూ కదిలించవచ్చు. అదీగాక ఆయన కాలేయం ఇప్పటికే అలిగింది. ముందు సారం, తర్వాత విషం అనే మా వరస అక్కడ కుదరదు.

పటమట వారూ, మీకు వచ్చినవి బహుశా వైరస్ కామెర్లు. నీటి ద్వారా వచ్చే రకమైతే చాలామందికి తమంతట తామే తగ్గుతాయి. నాయనమ్మగారి మీద గౌరవంతోనే అంటున్నాను.

మొక్కల మందులు పనికిరావని నేననను. మిల్క్ థిసిల్ అనే మొక్క నుంచి తీసే సిలిమారిన్‌ను టీబీ రోగులకే ఇచ్చి చూశారు. కొన్ని పరీక్షల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో లేదు. మనుషుల మీద చూడటమంటే అదీ. ఎదురు దెబ్బలూ ఉన్నాయి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంగతిని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు.

పసరు ఆపండి, తాగించిన సంగతి డాక్టరుగారికి చెప్పండి. వాంతులు, ఆకలి చచ్చిపోవడం, కుడి డొక్క కింద నొప్పి కనిపిస్తే ఆ రోజే వెళ్ళండి. మామూలుగా లక్షణాలు ఉండి ఎస్‌జీపీటీ గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకుండా ఐదు రెట్లు దాటినా మందులు ఆపిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుదే. ఇంకో ‘మందు’ గురించి మీరు రాయలేదు. అది ఉంటే ముందు దాన్ని ఆపించండి.

ఆయుర్వేదం చదివినవాడు:
మాస్టారి మాటకు ఒకటి చేరుస్తాను. నేల ఉసిరి అని పిలిచే మొక్కలు రెండు మూడు రకాలు ఉన్నాయి. ఆకు కింద కాయలు వరసగా ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మిరప చేల పక్కన పెరిగిన మొక్కైతే దాని మీద ఏ పురుగుమందు పడిందో ఎవరికి తెలుసు? నేనైతే టీబీ మందుల మధ్యలో ఇవ్వను.

బ్రాడీపేట కోడలు:
మాస్టారూ, మీ ‘మందు’ ప్రశ్న చదివి వినిపిస్తే మావయ్యగారు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. వారానికి రెండు రోజులట! పసరుతో పాటు అదీ ఆపించాం. డాక్టరుగారికి రెండూ చెప్పాం. నిన్నటి పరీక్షలో 61 వచ్చింది.

ఎలుకల మాస్టారు:
సంతోషం. పసరు ఆపినందుకే తగ్గిందని మాత్రం అనుకోవద్దు. మొదటి వారాల్లో ఇలా పెరిగి, మందులు వాడుతుండగానే దిగిపోవడం మామూలే.

బ్రాడీపేట కోడలు:
అత్తయ్యగారికి అదే చదివి వినిపించాను. "అయితే ఇంకో నాలుగు రోజులు పోసి ఉంటే ఆ 61 నా ఖాతాలో పడేది కదమ్మా" అన్నారు.