మొదటి టెలిస్కోపు సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా, కొనకూడదా?

కొత్తచూపు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ బైనాక్యులర్స్‌తో సరిపెట్టుకున్నాను, ఇప్పుడు శని వలయాలు చూడాలని మనసవుతోంది. నా దగ్గరున్న డబ్బుకి కొత్తదైతే 70 ఎం.ఎం. రిఫ్రాక్టర్ (ముందు లెన్సు ఉండే రకం) వస్తుంది. అదే డబ్బుకి వాడినవి రెండు దొరుకుతున్నాయి. ఒకటి 6 ఇంచ్ (150 ఎం.ఎం.) డాబ్సోనియన్, అంటే పెట్టె లాంటి స్టాండ్ మీద చేత్తో తిప్పే అద్దం టెలిస్కోపు; ఎఫ్/8, అంటే ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి దూరం) అద్దం వ్యాసానికి ఎనిమిది రెట్లు. ఇంకోటి మోటార్లూ రిమోటూ ఉన్న పాత 5 ఇంచ్ ష్మిట్-కాసెగ్రేన్ (ముందు గాజు, లోపల అద్దాలు ఉండే పొట్టి గొట్టం), గోటూ, అంటే కోరిన చుక్క వైపు తనే తిరిగే రకం. ఇంట్లోవాళ్లేమో ఒకరు వాడి వదిలించుకున్నది మనకెందుకంటున్నారు. తెలిసినవాళ్లని అడిగితే ఒకరు సెకండ్ హ్యాండ్ జోలికే పోవద్దన్నారు, ఇంకొకరు కొత్తది కొంటే డబ్బు దండగన్నారు. ఎవరి మాట వినాలి?

డాబ్ పిచ్చోడు:
కళ్లు మూసుకుని 6 ఇంచ్ డాబ్ తీసుకోండి. కళ్లు మూసుకుని అనకూడదు లెండి, అద్దం చూసే తీసుకోండి. 70తో పోలిస్తే 150 ఎం.ఎం. అద్దం నాలుగున్నర రెట్లు ఎక్కువ వెలుతురు పోగేస్తుంది. హెర్క్యులిస్ నక్షత్రమండలంలో ఉన్న ఎం13 నక్షత్ర గుచ్ఛం 70లో మసక ముద్దలా ఉంటుంది, చీకటి ఆకాశం కింద 150లో అంచుల దగ్గర చుక్కలు విడివిడిగా తేలతాయి. ఒక్కసారి అది చూశాక 70 ముట్టుకోబుద్ధి కాదు.

పాతదని భయమెందుకు? యెర్క్స్ అబ్జర్వేటరీలో 40 ఇంచ్ లెన్సు 1897 నుంచీ ఉంది, ఇప్పటికీ దాంతోనే చూస్తున్నారు. అద్దం మీది అల్యూమినియం పూత ఏళ్ల తరబడి మెల్లగా మసకబారుతుంది, అదీ మళ్లీ వేయించుకోవచ్చు. ఇక డాబ్‌లో చెడిపోవడానికి ఏముంది? పెట్టె, గొట్టం, రెండద్దాలు. 1960ల్లో జాన్ డాబ్సన్ ఓడ కిటికీల గాజు అరగదీసి, అట్ట గొట్టాల్లో బిగించి వాడిన పద్ధతి అది.

నెమ్మదస్తుడు:
ఈ మాట అనుభవం ఉన్నవాళ్లకి చెప్పండి, ఒప్పుకుంటా. అడిగినాయన ఇంతవరకూ టెలిస్కోపులోంచి చూసినట్టే లేదు. మొదటి రాత్రి శని మసగ్గా కనబడిందనుకోండి, ఆ తప్పు అద్దానిదా, కాలిమేషన్‌దా (అద్దాలు ఒకే వరసలో కుదరడం), ఆ రాత్రి గాలి బాలేదా, లేక వెచ్చటి గదిలోంచి స్కోపుని అప్పుడే బయటికి తెచ్చి అద్దం చల్లబడకముందే చూస్తున్నాడా, ఇవన్నీ మీకూ నాకూ తెలుస్తాయి గానీ ఆయనకెలా తెలుస్తాయి? నా స్కోపు ఇంతేనేమో అనుకుని అటకెక్కిస్తాడు. కొత్తదైతే కనీసం ఒక అనుమానం తగ్గుతుంది, బాగాలేకపోతే తిరిగిచ్చే దారి ఉంటుంది. 70 ఎం.ఎం. చిన్నదే, ఒప్పుకుంటా. శని వలయాలకి, గురుడి చందమామలకి, మన చందమామకి అది చాలు.

గాజుముక్క:
నెమ్మదస్తుడు గారి మాటలో సగం నిజముంది, మిగతా సగంతోనే నా పేచీ. కొత్తదైతే అనుమానం తగ్గుతుందన్నారు. ఎక్కడ తగ్గుతుందండీ? కొత్త న్యూటోనియన్ (డాబ్‌లో ఉండే రెండద్దాల గొట్టమే) కూడా దారిలో కుదుపులకి అద్దం కదిలే వస్తుంది, పెట్టె విప్పిన రోజే కాలిమేషన్ నేర్చుకోక తప్పదు. పైగా కొత్తవాళ్ల కోసమంటూ అమ్మేవాటిలోనే పరమ చెత్త ఉంటుంది. 60 ఎం.ఎం. లెన్సు పెట్టి డబ్బా మీద 525 రెట్లు అని అచ్చేస్తారు. వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటాక బొమ్మ పెద్దదవుతుంది తప్ప కొత్త వివరం రాదు, అంటే దానికి 120తో సరి. ఇంకో రకం ఉంది. ఫోకల్ లెంగ్త్ 1000 ఎం.ఎం. అని రాసుంటుంది, గొట్టం చూస్తే అర మీటరు. ఫోకసర్‌లో (ఫోకస్ సరిచేసే భాగంలో) ఒక లెన్సు ఇరికించి ఆ లెక్క సరిచేస్తారు. దాన్ని కాలిమేట్ చెయ్యాలంటే పాతకాపులకే చెమటలు పడతాయి. ఇలాంటిది వారంటీతో వచ్చినా ఏం లాభం?

పాతది చూడ్డానికి వెళ్తే పగలే వెళ్లండి. గొట్టంలోకి తిన్నగా టార్చి కొట్టి చూడకండి, ఎంత మంచి అద్దమైనా టార్చి వెలుగులో దుమ్ముకొట్టుకుపోయినట్టే ఉంటుంది, అమ్మేవాడితో ఊరికే గొడవ. కాస్త దుమ్ము వల్ల బొమ్మ చెడదు. గుడ్డతో రుద్దిన గీతలున్నాయా, అంచున పూత లేచిపోయిందా, అదీ చూడాల్సింది. ష్మిట్-కాసెగ్రేన్‌కి మాత్రం టార్చి కావాలి. ముందున్న కరెక్టర్ గాజు మీద ఏటవాలుగా వెలుగు వేసి, సన్నటి తీగల్లా పాకిన మరకలున్నాయేమో చూడండి. అది ఫంగస్. ముదిరితే పూతనే కాదు, గాజునీ తింటుంది. ఆ గాజుని ఎవరైనా విప్పి తుడిచారా అని కూడా అడగండి, ఎందుకంటే అది ఫ్యాక్టరీలో ఏ కోణంలో పెట్టారో అలాగే మళ్లీ కూర్చోవాలి, తిప్పి బిగిస్తే బొమ్మ పదును పోవచ్చు.

తర్వాత ఎండ మీ వీపు మీద పడేలా నిలబడి, దూరంగా కరెంటు స్తంభం మీది పింగాణీ ఇన్సులేటర్‌కి గురిపెట్టండి. దాని నున్నటి వంపు మీద ఎండ ఒక్క చుక్కలా మెరుస్తుంది. మీ నక్షత్రం అదే. ఎక్కువ రెట్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు) పెట్టి ఫోకస్ కొంచెం లోపలికి, కొంచెం బయటికి తిప్పితే ఆ చుక్క ఉంగరాలుగా విచ్చుకుంటుంది. మధ్యలో నల్లటి గుండ్రం ఉంటుంది, అది రెండో అద్దం నీడ, కంగారు పడక్కర్లేదు. ఉంగరాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే మంచిదే. ఒక పక్కకి ఒరిగితే కాలిమేషన్ తప్పింది, అది మరలు తిప్పితే సర్దుకుంటుంది. మూడు మూలలుగా లాగినట్టుంటే అద్దాన్ని క్లిప్పులు బిగబట్టి ఉండొచ్చు. గొట్టాన్ని వేలితో తట్టి కూడా చూడండి, బొమ్మ రెండు మూడు సెకన్లలో నిలబడాలి. ఎంతకీ ఊగుతూనే ఉంటే ఆ స్టాండ్ మీద ఏ లెన్సు పెట్టినా దండగే.

నెమ్మదస్తుడు:
గాజుముక్క గారూ, ఇన్ని పరీక్షలు చెయ్యగలిగినవాడు ఇక్కడికొచ్చి కొనొచ్చా అని అడుగుతాడా? నేను చెప్పిందీ అదే కదా.

గాజుముక్క:
అవన్నీ ఒక్కడే చెయ్యక్కర్లేదు. దగ్గర్లో ఖగోళ క్లబ్బు ఏదైనా ఉంటే అక్కడివాళ్లని ఒకరిని వెంటబెట్టుకెళ్లొచ్చు, మనవాళ్లకి పరాయివాళ్ల స్కోపు చూడ్డమంటే పెళ్లికెళ్లినంత సంబరం. ఎవరూ దొరక్కపోతే ఒక రాత్రి చూపించి అమ్మమని అడగండి. చందమామ అంచు పదునుగా కనబడి, ఒక ప్రకాశవంతమైన చుక్క ఫోకస్‌లో చిన్న బిందువుగా కుదిరితే మొదటి స్కోపుకి అంతకన్నా ఏం కావాలి? నిజంగా వాడినవాడైతే అడక్కుండానే చూపిస్తాడు. రాత్రి కుదరదని తప్పించుకుంటే ఇంకో స్కోపు వెతుక్కోవడమే.

తోకచుక్క:
గోటూ సంగతి ఎవరూ ఎత్తడం లేదు, దాన్ని అలా తీసిపారేయకండి. వీధి లైట్ల మధ్య ఉండేవాళ్లకి ఆకాశంలో దారి చూపే చుక్కలే సరిగ్గా కనబడవు, డాబ్‌తో చుక్క నుంచి చుక్కకి వెతుక్కుంటూ పోవడం అక్కడ నరకం. బటన్ నొక్కితే అదే వెళ్లి నిలబడుతుంది. కరెంటు ఇచ్చి రెండు మోటార్లూ నాలుగు వైపులా తిరుగుతున్నాయా, రిమోటు తెర వెలుగుతోందా చూసుకుంటే చాలు.

గాజుముక్క:
ఇవాళ తిరుగుతాయండీ, రేపటి సంగతే టెన్షన్. గాజు పాతబడినా పనికొస్తుంది, సర్క్యూట్ బోర్డు పాతబడితే విడిభాగం కోసం దేశాలు తిరగాలి. 2024లో ఓరియన్ అనే టెలిస్కోపుల కంపెనీ మూతపడింది, దాంతోపాటు దాని చేతిలోని మీడ్ కంపెనీ కూడా. అవి చేసిన డాబ్‌లు ఇప్పటికీ ఎప్పటిలాగే పనిచేస్తాయి. అదే గోటూలో రిమోటు పోతే, ఎక్కడో ఎవరో పాతది అమ్ముతారా అని ఎదురుచూడాలి. చాలా గోటూల్లో మోటారు ఆగిపోతే చేత్తో తిప్పడం కూడా సుళువు కాదు. ఇంత వివరంగా ఆయనకి చెప్పాల్సింది అమ్మేవాడే, కానీ చెప్పడు.

తోకచుక్క:
అయితే పాత గోటూ కొనేవాడు ట్యూబ్‌కి తగ్గ ధర ఇచ్చి, మోటార్లు ఉచితంగా వచ్చాయనుకోవాలి. ఈ లెక్కన కొంటే నష్టం లేదు. డాబ్‌కి ఫోన్ యాప్‌తో దారి చూపించుకునే వీలు కూడా ఉంది, కాదనను.

కొత్తచూపు:
చాలా థాంక్సండీ అందరికీ. డాబ్ చూడ్డానికి ఈ వారంలో వెళ్తున్నా, పాతకాపు ఒకాయన వెంట వస్తానన్నారు. ఇంకో రెండు సందేహాలు. 25, 10 ఎం.ఎం. ఐపీసులు ఇస్తానంటున్నారు, శనికి చాలా? ఒక నల్లటి ఫిల్టర్ కూడా ఇస్తారట, ఐపీస్‌కి బిగించి సూర్యుణ్ణి చూడొచ్చన్నారు.

డాబ్ పిచ్చోడు:
చాలు. ఫోకల్ లెంగ్త్ 1200, దాన్ని ఐపీస్ అంకెతో భాగిస్తే 25తో 48 రెట్లు, 10తో 120. వలయాలు 48కే తెలుస్తాయి. 2025 మార్చిలో వలయాలు అంచు మనవైపు తిరిగి సన్నటి గీతయ్యాయి, అక్కణ్ణుంచి ఏటేటా విచ్చుకుంటూ 2032లో బాగా వాలి కనిపిస్తాయి. ఈ వారమే కొనాలన్న తొందరేం లేదు. ఐపీస్ బారెల్ (ఫోకసర్‌లో దూరే గొట్టం) 1.25 ఇంచ్ ఉందో లేదో చూసుకోండి, బాగా పాతవాటిలో 0.965 ఉంటుంది, దానికి మంచి ఐపీసులు దొరకడం కష్టం.

గాజుముక్క:
ఆ ఫిల్టర్ వద్దే వద్దు. గొట్టం పోగుచేసిన ఎండంతా సరిగ్గా దాని దగ్గరికే వచ్చి చేరుతుంది, వేడికి అది చూస్తుండగానే పగలొచ్చు, ఆ క్షణంలో మీ కన్ను అక్కడే ఉంటుంది. సూర్యుడి ఫిల్టర్ ఎప్పుడూ గొట్టం ముందు భాగానికే బిగించాలి. అదీ కొత్తదే కొనండి, మిగతావన్నీ పాతవైనా సరే. పాత ఫిల్మ్ మీద కంటికి ఆనని చిల్లులుంటాయి.

నెమ్మదస్తుడు:
దీంట్లో మాత్రం నాకు వాదన లేదు. ఆ నల్లటిది ఇస్తే తీసుకుని పగలగొట్టెయ్యండి, ఆయన దగ్గరే వదిలేస్తే ఇంకొకరికి అంటగడతాడు. మిగతా విషయంలో నా మాట నాదే, 70 ఎం.ఎం. చాలు.