పాత స్విఫ్ట్ కొనే ముందు దాని సర్వీసు చరిత్ర తెలుసుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న మేము, శ్రీకాకుళంలో 2012లో రిజిస్టరైన డీజిల్ స్విఫ్ట్ కారు కొనాలనుకుంటున్నాము. వాహనాల వివరాలు చూపే ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులో బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువులు సరిగానే ఉన్నాయి. నా సందేహమంతా మీటరు మీదనే, దాన్ని వెనక్కి తిప్పారేమోనని: అది 82,000 కిలోమీటర్లు చూపుతుండగా, క్లచ్ పెడల్ రబ్బరు పూర్తిగా అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది, పైగా సర్వీసు పుస్తకంలో చివరి పేజీల్లో ముద్రలే లేవు. యజమానిని వెంటబెట్టుకుని వెళ్లి ఛాసిస్ నంబరు ఇస్తే, కంపెనీ సర్వీసు కేంద్రంవారు పాత రికార్డులు చూపిస్తారా? పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2027లో ముగుస్తుంది కనుక, 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం తీసుకుని ఒడిశాకు మార్చుకున్నా, ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. అమ్మానాన్నలను బరంపురం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన బండి ఇది, దారిలో ఆగిపోకూడదు. ఇంజనుకు, దానికి అదనపు గాలి అందించే టర్బోకు ఏయే పరీక్షలు చేయించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.