పత్తేదారా, పత్తేదారీనా?

కమలానగర్: మా అవ్వది మడకశిర పక్క. చిన్నప్పుడు తలుపు సందులో కన్ను పెట్టినా, బెల్లం డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూసినా ఒకటే మాట అనేది. "ఏంరా, పత్తేదారి పురుషోత్తం మాదిరి నిదానిస్తాండావు?" దీనికి ముందు ఇంకో ముక్క ఉండేది, ప్రాస కూడా కుదిరేది. అదే గుర్తు రావడంల్యా. మూడు రోజులుగా తల తినేస్తాంది. మా అమ్మేమో అవ్వ అన్నది "పత్తేదారు" అంటాంది, నాకు మాత్రం "దారి" అనే వినబడుతుంది. ఎవరికన్నా తెలుసునా? యాడిదిది?

గుత్తికోట: మడకశిర అన్నప్పుడే సగం తేలిపాయె. పత్తేదారు అంటే కన్నడంలో డిటెక్టివ్. కన్నడ నవలలు రాసిన ఎన్. నరసింహయ్య సృష్టి ఆ పురుషోత్తముడు. అక్కడ 'పత్తేదార పురుషోత్తమ' అనే రాసినాడు. మీ అమ్మ గెలిచింది.

పాతపుస్తకాలు: అంత తొందరెందుకన్నా. కన్నడంలో మనిషి పత్తేదార, ఆ రకం నవల పత్తేదారి కాదంబరి. జమీందారు, జమీందారీ లాగ. పుస్తకాన్ని ఇంట్లో 'పత్తేదారి' అనేవాళ్ళు, లోపల హీరో పురుషోత్తం. రెండూ కలిసి అవ్వ నోట్లో పత్తేదారి పురుషోత్తం అయింటాడు. కుర్రోడి చెవి తప్పేం కాదు.

రాయదుర్గం అక్క: మా నాయన నరసింహయ్య పుస్తకాలు బళ్ళారి నుంచి సంచీలో తెచ్చేవాడు. ఆ మనిషి చదివింది నాలుగో తరగతి. రాసినవి ఐదు వందలు దాటినాయి. 1925లో చిక్కమగళూరులో పుట్టినాడు, 2011లో పోయినాడు. పురుషోత్తం ఒక్కడే కాదు, మధుసూదన, అరింజయ, గాలిరాయ, అందరూ పత్తేదారులే. పెద్ద పండితులు ఆయన్ను లెక్కలోకి తీసుకోల్యా గానీ, గాజుల అంగట్లో కూర్చున్న మా నాయనకు చదివే అలవాటు చేసింది ఆయనే. అంగట్లో గిరాకీ వస్తే పేజీ మధ్యలో గాజుముక్క పెట్టి లేచేవాడు. ఇప్పటికీ ఆ పుస్తకాలు దులిపితే రాలుతాయి.

కర్నూలు కొండారెడ్డి బురుజు: కన్నడం సంగతి సరే. 'పత్తా లేడు' అంటాం గదా, అదే పత్తా ఇది. ఉర్దూ 'పతా'. దారు అంటే కలవాడు. పత్తా కలవాడు పత్తేదారు అయితే వాడు దొంగ కావల్ల గానీ దొంగను పట్టేవాడెట్ల అయితాడప్పా?

గుత్తికోట: చౌకీదారుకు చౌకీ సొంతమా?

కర్నూలు కొండారెడ్డి బురుజు: 😀 సరే. అయినా మనకు కొమ్మూరి సాంబశివరావు ఉండగా పక్కింటి పురుషోత్తం ఎందుకు? డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. అద్దె లైబ్రరీలో రోజుకు పావలా లెక్కన చదివినోళ్ళం. నా సిద్ధాంతం ఒకటుంది. వేదం వెంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయంలో మంత్రి యుగంధరుడు పిచ్చోడి వేషం వేసి రాజును విడిపించుకొని వస్తాడు. తెలుగులో మొదటి డిటెక్టివ్ వాడే. కొమ్మూరి పేరు అక్కడినుంచే ఎత్తినాడని నా పందెం.

పాతపుస్తకాలు: పందెం కాస్తే కాయి, సాక్ష్యం చూపు. ఇంకా వెనక్కి పోతే భాసుడి సంస్కృత నాటకంలో మంత్రి యౌగంధరాయణుడు ఉండాడు. వాడిది గూఢచారి బుర్రే. నీకంటే ముందు నేను ఆ మాట ఎప్పుడో రాసినా.

రిటైర్డు తెలుగు మాస్టారు: అందరూ పత్తేదారు తోక పట్టుకొని లాగుతున్నారు. అసలు మాట 'నిదానిస్తాండావు'. దాని మీద ఒక్కరూ నోరు మెదపలేదు. కోస్తా వాళ్ళకు నిదానం అంటే నెమ్మది. మనకు నిదానించు అంటే చూపు నిలిపి, ఇది ఫలానా అని తేల్చుకోవడం. వైద్యుల రోగనిదానం ఇదే. తరిమెల విద్వాన్ విశ్వంగారి పెన్నేటి పాటలో 'నిదానించి నడు' అన్న చోట మెల్లగా నడవమని అర్థం చెప్పిన పంతుళ్ళను నా కళ్ళతో చూసినాను. ఎండిన ఏటిలో మెల్లగా నడిచి ఏం చేస్తారు? కన్ను పెట్టి చూసుకో అని కదా!

రాయదుర్గం అక్క: మాస్టారూ, వేదవతి ఇసకలో నడిచినదాన్ని చెబుతాండా. ఎండకాలం ఆ ఇసకలో మెల్లగా తప్ప నడవలేం, కాలు దిగబడతాది. రెండర్థాలూ పెట్టుకొనే విశ్వంగారు ఆ మాట వేసింటారు. పక్కనే గుండె విదారించుకుపోయే మాట ఉంది, పరుగెత్తేవాడికి అది కనబడదు.

రిటైర్డు తెలుగు మాస్టారు: అమ్మా, రెండర్థాలు అనేది ఓడిపోయేవాళ్ళ చివరి బాణం. అయినా దిగబడే కాలి సంగతి నేను ఆలోచించలేదు. రాత్రికి మళ్ళీ ఆ పుట తీస్తాను. విశ్వంగారి పత్రికా శీర్షిక మాణిక్యవీణ చదివి పెరిగినవాణ్ణి, తప్పు పట్టించుకోవడం నాకు నామోషీ కాదు.

తాడిపత్రి: షాడో గురించి ఎవరూ ఎత్తరేం? మా తరానికి మధుబాబే.

పాతపుస్తకాలు: షాడో డిటెక్టివ్ కాదు నాయనా, సీక్రెట్ ఏజెంటు. వేరే చర్చ పెట్టుకో.

హిందూపురం: మడకశిర ఇప్పుడు సత్యసాయి జిల్లా అని మనవి.

కమలానగర్: మా అవ్వ పోయింది 1998లో సార్. ఆమెది అనంతపురం జిల్లానే. నేనడిగింది ముందు ముక్క ఏందని...

గుత్తికోట: ప్రాస అంటావు కాబట్టి రెండో అక్షరం 'త్త' అయి ఉండాల. 'అత్త', 'కొత్త', 'మెత్త'. "అత్త చూడని చోట" అని ఏమన్నా మొదలైతుందా?

కమలానగర్: ఉండన్నా, మా చిన్నవ్వకు ఫోన్ చేస్తాండా. ఆమెకు ఎనభై నాలుగు, గుర్తు బాగుంది.

కమలానగర్: చేసినా. ముందు ముక్క ఏమీ లేదంట, నేనే కల్పించుకున్నానంట. మా అవ్వ నన్నెప్పుడూ పురుషోత్తం అనలేదంట. అన్నది మా అమ్మనంట, బెల్లం డబ్బా దగ్గర దొరికింది ఆమెనే అంట. పైగా "పత్తేదారమ్మా" అని పిలిచేదంట.

రిటైర్డు తెలుగు మాస్టారు: పత్తేదారమ్మ అయితే దారు మీదా కుదురుతుంది, దారి మీదా కుదురుతుంది. ఆమెను ఇంకోసారి అడుగు నాయనా, 'ర' దగ్గర సాగదీసేదా లేదా?