ఒకే అనిమేకి (జపాన్ కార్టూన్ సిరీస్) కట్ డీవీడీ ఒకటి, అన్‌కట్ డీవీడీ ఒకటి... ఒకే కంపెనీ రెండూ ఎందుకమ్మింది?

కోటజంక్షన్_గుంటడు

అందరికీ హాయ్, మాది విజయనగరం. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, సిరిమాను పండక్కి వచ్చి వెళ్తూ తన పాత నరుటో డీవీడీలు నాకిచ్చేసి పోయాడు. అమెరికా డిస్కులు కదా, ఇంట్లో ప్లేయర్‌లో పెడితే రీజియన్ తప్పంటుంది, సరే అని లాప్‌టాప్‌లో వీఎల్‌సీలో పెట్టి చూశా. తీరా చూస్తే రెండు రకాలున్నాయి, కొన్ని విడి డిస్కులు, ఇంకోటి బాక్స్ సెట్టు, దాని మీద అన్‌కట్ అని పెద్దగా రాసుంది. రెండూ విజ్ అనే కంపెనీ వాళ్లవే, రెండూ 2006వే. పక్కపక్కన పెట్టి చూశా, విడి డిస్కులో జబూజా అనే విలన్‌తో గొడవ దగ్గర నెత్తురు చాలా చోట్ల మాయం. నాకర్థం కానిది ఏటంటే పూర్తి సరుకు చేతిలో ఉండగా కత్తిరించిన సరుకు కూడా అమ్మడమేటి, పప్పూ కూరా వడ్డించిన విస్తరి పక్కన ఉత్త అన్నం విస్తరి పెడితే ఎవడు కూర్చుంటాడు?

మూడులాంతర్లు_సీడీషాపు

తమ్ముడూ, నేను మూడు లాంతర్ల దగ్గర ఆరేడేళ్లు సీడీలు అద్దెకిచ్చాను కాబట్టి చెప్తున్నా. చూసేవాడు వేరు, డబ్బులిచ్చేవాడు వేరు. పిల్లోడు డ్రాగన్ బాల్ సీడీ కావాలని ఏడిస్తే వాళ్లమ్మ అడిగేది ఒకటే, "ఇందులో పిచ్చి సీన్లేం లేవు కదా బాబూ" అని. నేను టీవీలో వచ్చిందేనమ్మా అంటే చాలు, పది రూపాయలు చేతిలో పెట్టేసేది. అమెరికాలోనూ అంతే, 2005లో కార్టూన్ నెట్‌వర్క్‌లో నరుటో చూసిన పిల్లలకి ఆ చూసిందే కావాలి, వాళ్లమ్మానాన్నలకి అది చాలు. బాక్స్ సెట్టు నీలాంటోడికి. రెండు బేరాలు, రెండు గల్లాపెట్టెలు.

నాగావళి_ఒడ్డున

మాది శ్రీకాకుళం, ఇప్పుడు హైదరాబాద్‌లో డబ్బింగ్ సౌండ్ ఎడిటింగ్ చేస్తున్నా. షాపన్న చెప్పింది కరెక్టే కానీ అసలు తిరకాసు ఖర్చు దగ్గరుంది. అందరూ కట్ అంటే కత్తెర పెట్టి బొమ్మ తీసేయడం అనుకుంటారు, మళ్లీ అతికించేస్తే అన్‌కట్ అయిపోద్ది అనుకుంటారు. కాదు బాబూ. టీవీకి కత్తిరించాకే డబ్బింగ్ చెప్పించారనుకో, తీసేసిన ఇరవై సెకన్లకి ఇంగ్లీష్ గొంతు అసలు ఎక్కడా లేదు, ఎవడూ చెప్పలేదు. పైగా పాత మ్యూజిక్ తీసేసి కొత్తది వేసుంటే ఆ ముక్క దగ్గర పాట ఒక్కసారిగా మారిపోతుంది, చెవికి గతుకుల రోడ్డు మీద బస్సులా ఉంటుంది.

సైలర్ మూన్ అనే అనిమే చూడండి. అమెరికాలో మొదటి సీజన్ 46 ఎపిసోడ్లని 40 చేసి టీవీలో వేశారు. తర్వాత 2003లో ఏడీవీ కంపెనీ వాళ్లు అన్‌కట్ సెట్టు వేస్తే అందులో జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ మాత్రమే, ఇంగ్లీష్ ట్రాకే లేదు. ఎలా ఉంటుంది మరి? డ్రాగన్ బాల్ జీ అయితే 1996లో మొదటి 67 ఎపిసోడ్లని 53కి కుదించారు, నరకంలో కాపలా వాళ్ల బనియన్ల మీద హెల్ అని ఉంటే దాన్ని హెచ్ఎఫ్ఐఎల్ చేసి పారేశారు, ఇప్పటికీ నవ్వొస్తుంది. 2005లో ఫనిమేషన్ కంపెనీ ఆ మొదటి భాగం అన్‌కట్ వేయాలంటే తన సొంత ఆర్టిస్టులతో మళ్లీ మొదట్నుంచి చెప్పించింది. స్టూడియో, ఆర్టిస్టులు, మిక్సింగ్ అన్నీ రెండోసారి.

పేకలాట పోటీల సిరీస్ యుగియో అయితే ఇంకా పాపం. 2004లో అన్‌కట్ మొదలెట్టారు, కొత్త డబ్బింగ్, జపాన్ మ్యూజిక్, అన్నీ బాగానే ఉన్నాయి, మూడు డిస్కులు 9 ఎపిసోడ్లతో ఆగిపోయింది. రెండొందల పైచిలుకు ఎపిసోడ్లున్న సిరీస్ అది. ఆ పేకలు కొనే పిల్లోడికి జపాన్ మ్యూజిక్‌తో పనేంటి. నరుటోకి ఈ తలనొప్పి తక్కువ, డబ్బింగ్ చేయించింది విజ్, డిస్కు అమ్మింది విజ్, చెప్పించేటప్పుడే రెండింటికీ చూసుకోవచ్చు.

ఆమదాలవలస_ప్యాసింజర్

మీరంతా మరీ మంచోళ్లు. ముందు కట్టు అమ్మి, కొన్నాళ్లాగి అన్‌కట్ అమ్మితే అదే ఫ్యాన్ రెండుసార్లు కొంటాడు, దీన్ని మా ఊళ్లో వేరే మాట అంటారు. వన్ పీస్ అనే అనిమేలో సంజీ అనేవాడి సిగరెట్టుని లాలీపాప్ చేశారు, 143 ఎపిసోడ్లని 104 చేశారు, దానికి కూడా డీవీడీలు అమ్మారు. ఆ డబ్బులు పోగొట్టుకున్నోళ్ల ఉసురు తగలదా?

నాగావళి_ఒడ్డున

@ఆమదాలవలస అన్నా, నువ్వన్నది కొంత నిజమే, కాదనను. కానీ వన్ పీస్ విషయంలో కట్ చేసిన ఫోర్‌కిడ్స్ కంపెనీ వేరు, 2007లో తీసుకుని మొదట్నుంచి డబ్బింగ్ చేసిన ఫనిమేషన్ వేరు. వీళ్లు చేసిన పాపం వాళ్ల ఖాతాలో రాయకు.

కోటజంక్షన్_గుంటడు

ఇప్పుడు కాస్త ఎక్కింది. మరి మన తెలుగుకి ఈ బాధ లేదా?

నాగావళి_ఒడ్డున

డిస్కులే లేవు కదా, ఇంకేం బాధ. పిల్లలకి సోనీ యాయ్ ఛానెల్‌లో తెలుగు నరుటో వచ్చింది, పెద్దోళ్లకి క్రంచీరోల్ యాప్, డీమన్ స్లేయర్ అనే అనిమే సినిమా 2025లో నేరుగా తెలుగులో థియేటర్‌కే వచ్చేసింది. అక్కడ రెండు డిస్కులు చేసిన పని ఇక్కడ ఛానెలూ యాప్పూ చేస్తున్నాయి.

కోటజంక్షన్_గుంటడు

థాంక్స్ అన్నా. నిన్న ఒకటి జరిగింది, మా అక్క కొడుకు ఆరేళ్లోడు వచ్చి నరుటో పెట్టు మావయ్యా అన్నాడు, అక్క పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. నేను విడి డిస్కే పెట్టా. షాపన్నా, ఇంకోటి, బాక్స్ సెట్‌లో ఒక డిస్కు మీద గీతలున్నాయి, పళ్ల పేస్టు రుద్దితే పోతాయంటారు, నిజమేనా?

మూడులాంతర్లు_సీడీషాపు

చిన్న గీతలైతే పోవచ్చు. తెల్ల పేస్టు, మెత్తటి నూలు గుడ్డ. గుండ్రంగా మాత్రం తిప్పకు, మధ్యలోంచి అంచు వైపుకి రుద్దు.