పెరట్లో సామాన్ల షెడ్డు: పాత సిమెంటు రేకులు వాడొచ్చా?

మెట్టపొలం (జనగామ వైపు)
నమస్తే అందరికీ. ఇంటి వెనక 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు జాగా ఉంది. స్టార్టర్ డబ్బా, డ్రిప్ పైపులు, స్ప్రేయర్, యూరియా బస్తాలు, అమ్మ పారేయనివ్వని పాత మంచం... అన్నీ వరండాలోనే. రాత్రిపూట లేస్తే కాలికి ఏదో ఒకటి తగులుతోంది. పశువుల కొట్టం విప్పితే వచ్చిన సిమెంటు రేకులు ఉన్నాయి. నాలుగు గొట్టాలు నిలబెట్టి అవే పరిపిద్దామనుకుంటున్నా. వేయించినవాళ్లు చెప్పండి.

ఉద్దానం కొబ్బరి
తమ్ముడూ, రేకుల సంగతి తర్వాత. ముందు గొట్టం నేలలో ఎలా నిలబడుతుందో చూసుకో. నాదీ ఇంచుమించు అదే సైజు. అడుగు గుంత తీసి, గంపెడు కాంక్రీటు పోసి సరే అనుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన తెల్లవారుజామున కప్పు గొట్టాలతో సహా లేచిపోయింది. చూస్తే పక్కవాళ్ల జీడితోటలో వెల్లకిలా పడి ఉంది. రేకులు ఊడలేదు సుమా, స్క్రూలన్నీ బిగువుగానే ఉన్నాయి! గోడలు లేని కప్పును గాలి కింది నుంచి ఎత్తేస్తుంది. రెండోసారి రెండున్నర అడుగుల గుంత తీయించాను. గొట్టం అడుగున రెండు ఇనుప ముక్కలు అడ్డంగా వెల్డ్ చేయించాను, పైకి లాగినా రాకుండా. కాంక్రీటు నేలకన్నా మూడంగుళాలు పైకి తెచ్చి వాలుగా నున్న చేయించు. లేకపోతే నీళ్లు నిలిచి సరిగ్గా అక్కడే తుప్పు తింటుంది.

మెట్టపొలం
మా దగ్గర తుపాను రాదు కదన్నా?

ఉద్దానం కొబ్బరి
ఎండాకాలం సాయంత్రం వచ్చే గాలిదుమారం చాలు.

పెరటి జామ
పాత సిమెంటు రేకులు వద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, బెజ్జం వేసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ దాకా తెస్తుంది. పాతవి పెళుసుగా ఉంటాయి కూడా. మా ఇంటి దగ్గర కోతులు దూకి మూడు పగలగొట్టాయి. రంగు రేకు అర మిల్లీమీటరుది వేసుకోండి. ఇంకో మాట, వాలు ఎటు పెడుతున్నారు? మాది పక్కింటి వైపు పెట్టాం. చూరునీళ్లు వాళ్ల గోడ మీద పడి, రెండేళ్లు మాటల్లేవు.

ఇనుపకొట్టు అల్లుడు
మామయ్య కొట్లో కూర్చుంటాను కాబట్టి చెబుతున్నా. రెండంగుళాల చదరపు గొట్టం, 2 మి.మీ. మందం అని చెప్పి 1.6 ఇచ్చేవాళ్లున్నారు. కంటికి తేడా తెలియదు, కాటా మీద తెలుస్తుంది. 20 అడుగుల గొట్టం 2 మి.మీ.ది అయితే 18 కిలోల దగ్గర తూగాలి. 15 చూపిస్తే వెనక్కి పంపండి.

10 అడుగుల వెడల్పుకు ఒక అడుగు వాలు చాలు. స్క్రూలు రేకు ఉబ్బు మీద పడాలి, పల్లంలో వేస్తే నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. రబ్బరు వాషరు కాస్త అదిమితే చాలు. మా కుర్రాళ్లు డ్రిల్లు ఆపకుండా తిప్పి, రబ్బరును పక్కకు ఉబికేదాకా బిగిస్తారు. రెండు ఎండాకాలాలకే అది పగిలిపోతుంది, తర్వాత 'రేకు కారుతోంది' అని మా మీదికొస్తారు.

పెరటి జామ
ఎరువుల బస్తాలు నేల మీద పెట్టకండి. యూరియా చెమ్మ పీల్చి రాయిలా గడ్డకడుతుంది. ఇటుకలు పరిచి పైన చెక్కలు వేయండి, గోడకు జానెడు ఎడం ఉంచండి. పక్కనే ఇనుప సామాను పెడితే తుప్పు ఖాయం. నేల మాత్రం పెరడుకన్నా అరడుగు ఎత్తు చేయించండి. ఇది తప్పితే పైన ఎంత మంచి రేకేసినా దండగే.

మెట్టపొలం
నెలన్నర తర్వాత రాస్తున్నా. సిమెంటు రేకులు కోయలేదు, తడిపి ఓ మూలకు పేర్చి పట్టా కప్పాను. రంగు రేకులే వేశాం, వాలు మా బావి వైపే. కాటా వేయిస్తే మొదటి లోడులో ఒక్కో గొట్టం 15 కిలోలే తూగింది, మార్పించాను (అల్లుడు గారికి దండం). నేల మాత్రం నాలుగంగుళాలే లేపాం, మేస్త్రీ వినలేదు. మొన్న రాత్రి వానకు గుమ్మం దాకా వచ్చి ఆగాయి నీళ్లు.

సామాను ఇంకా వరండాలోనే ఉంది. తలుపు పెట్టేలోగా వీధికుక్క లోపల మూలన నాలుగు పిల్లల్ని పెట్టింది. అమ్మ ఎవరినీ అటు పోనివ్వడం లేదు.